సమస్య (ఇదే చివరి పాదంగా ఆటవెలది పూరించాలి): బొమ్మ సాక్ష్యమిచ్చె, పొలతి మిగిలె

నిర్వాహకుడు: ఈ వారం యామగూచి యోషికో. మంచూరియాలో పుట్టి, 'లీ షియాంగ్‌లాన్' పేరుతో చైనా తారగా చెలామణీ అయిన జపాన్ నటి, గాయని. యుద్ధం ముగిశాక షాంఘైలో దేశద్రోహం కేసు. కానివ్వండి.

మత్తేభం:
చీన పేరు దాల్చి చెఱసాల పాలయ్యె
ద్రోహి యనుచు జనులు తూలనాడ;
తల్లి పంపినట్టి దస్త్రమ్ముతో వచ్చి
బొమ్మ సాక్ష్యమిచ్చె, పొలతి మిగిలె.

యతిభంగం: నున్నగా ఉంది. మీవన్నీ నున్నగానే ఉంటాయి. ఇంతకీ బొమ్మ నడిచొచ్చిందా? బీజింగులోని తల్లిదండ్రుల దగ్గర్నుంచి దాన్ని చేరవేసింది చిన్ననాటి నేస్తం, రష్యన్ యూదుపిల్ల ల్యూబా. ఇదిగో నాది:
ల్యూబ తెచ్చె నొక్క లోగుట్టు బొమ్మను
కొసెకి దాగె దాని గూటిలోన
జడ్జి చదివి చూడ జపాను పడుచని
బొమ్మ సాక్ష్యమిచ్చె, పొలతి మిగిలె.

గణవిభజన: 'లోగుట్టు బొమ్మ' భేష్. కొసెకి అంటే కుటుంబ నమోదు పత్రమని తెలియనివాళ్లకీ తెలిసిపోతుంది. కానీ 'జపాను' జగణం (లఘువు, గురువు, లఘువు)! ఆ చోట ఉండాల్సిన ఇంద్రగణాల్లో దానికి చోటేది? మునుపటి సమస్య 'చెంపదెబ్బ కామె చిత్తమలరె'కి మత్తేభం గారు ఇదే మాట దొర్లిస్తే మీరేగా వారమంతా ఏకేశారు.

మత్తేభం: గుర్తుచేశారు, సంతోషం. ఆ పూరణలో యతిభంగం గారు చెంపదెబ్బను సరసంగా తేల్చేశారు. 1940 నాటి ఈమె చిత్రం 'చైనా నైట్స్'లో జపాన్ నావికుడు కొడితే చైనా పిల్ల అతణ్నే వలచింది. జపాన్‌లో అది ప్రేమ. చైనావాళ్లకు కొట్టడం ఒక అవమానం, వలవడం రెండోది. కేసుకు మూలం అలాంటి చిత్రాలే.

యతిభంగం: మూడో పాదానికి సవరణ: 'నేరమేమి లేదు నిప్పాను బిడ్డకు'. నిప్పాను అంటే జపానే.

గణవిభజన: గణాలు కుదిరాయి, తీర్పు కుదరలేదు. తప్పే లేదని కోర్టు అనలేదు. 'హాన్‌జియెన్' అంటే సొంత జాతికి ద్రోహం చేసిన చైనీయులు. పరాయి పౌరురాలికి ఆ అభియోగం అంటదు, అంతే. 1946లో వదిలేసి, దేశం విడిచి పొమ్మన్నారు. 'ద్రోహి యనుట చెల్లు తోబుట్టువులకంచు' అంటే?

మత్తేభం: అబ్బ! 'లీ' ఇంటిపేరు తండ్రి స్నేహితుడు లీ జిచున్ దత్తు చేసుకుని ఇచ్చిందే. ఆ లెక్కన ఆమె తోబుట్టువే. మీ పాదం తనకు తానే అడ్డం తిరిగింది, అదే దాని అందం.

పాతకాపు: 'మిగిలె' ఏమిటండీ? 1950లో కురొసావా చిత్రం 'స్కాండల్', ఆపై హాలీవుడ్‌లో 'షర్లీ యామగూచి' పేరు, 1974 నుంచి 18 ఏళ్లు జపాన్ ఎగువసభ సభ్యత్వం. 'గెలిచె' అన్నా నగణమే కదా.

నిర్వాహకుడు: ఇచ్చిన సమస్య మార్చను. కొసెకికి 'గూటి'తో యతి కుదిరిన సంగతి మాత్రం ఎవరూ మెచ్చుకోలేదు, యతిభంగం గారూ. నేను మెచ్చుకున్నా.