‘రజాదరిత్’ పేరులో ఉన్న మన మాట

బర్మా చరిత్ర చదువుతుంటే రజాదరిత్ అనే మోను రాజు (మోనులు దక్షిణ బర్మా జాతివారు) పేరు తగిలిందనీ, అది బౌద్ధ గ్రంథాల భాష అయిన పాళీ మాటేనా అనీ, దాన్ని తెలుగులో ఎలా రాయాలనీ మిత్రులొకరు అడిగారు. అది అచ్చంగా మన ‘రాజాధిరాజు’. రూపం మాత్రమే గుర్తుపట్టలేనంతగా మారిపోయింది.

మోను రాజులూ బర్మా రాజులూ తమ పెద్ద బిరుదులను ఎక్కువగా పాళీ నుంచే తీసుకున్నారు. రాత పాళీదే అయినా పలుకు మాత్రం స్థానికమైనది. బర్మా పలుకులో జకారం మన ‘ౙడ’లోని దంత్య జకారానికి దగ్గరగా వినిపిస్తుంది. అచ్చు లేకుండా పదాంతంలో నిలిచిన జకారం తన ముందున్న అచ్చును కూడా మార్చి ‘ఇత్’ అవుతుంది. అందువల్ల రాతలో ‘రాజాధిరాజ్’ అని కనిపించేది నోట ‘యాజాదరిత్’ అవుతుంది (మొదటి రకారం బర్మా నోట యకారంగా పలుకుతుంది). అదే మాట థాయి నోట ‘రాచాథిరాత్’. సకారానిది మరో దారి. బర్మా వారు దాన్ని నాలుక కొస పళ్ల మధ్య పెట్టి, మన థకారాన్ని తలపించేలా పలుకుతారు. కాబట్టి సీహసూర ‘థిహథూ’ అయింది, హంసావతి ‘హాంథావడీ’ అయింది. ‘ప్రభువు’ అనే అర్థంలో మోనులు వాడే అచ్చ మోను మాట ‘స్మిన్’ కూడా బర్మా వారి నోట ‘థమిన్’ అయింది. ఈ రెండు సూత్రాలు పట్టుబడితే ఆ చరిత్రలోని సగం పేర్లు మనకు పరాయివిగా అనిపించవు.

ఇక ఆ బిరుదు వెనుక ఉన్న మనిషి సంగతి. అతని అసలు పేరు బిన్యా న్వే. 1384లో, పదహారేళ్ల ప్రాయంలో, హంసావతి (పెగూ, నేటి బగో) సింహాసనం ఎక్కి రాజాధిరాజు అయ్యాడు. అప్పటికి మోను దేశంలో మూడు ప్రాంతాలు ఉండగా, అతని మాట చెల్లింది పెగూ ప్రాంతంలోనే. మర్తబాన్ వేరే పాలకుడి చేతిలో ఉంది. ఐరావతీ ముఖద్వారంలోని మ్యాంగ్‌మ్యాను ఏలుతున్న లౌక్‌ప్యా అయితే, ఉత్తరాన ఉన్న బర్మా వారి రాజ్యం ఆవాకు రాజైన స్వా సా కేకు కబురు పంపి, ఈ కుర్రవాణ్ణి దించి తనను నిలబెడితే మీకు సామంతుడిగా ఉంటానన్నాడు. 1385లో ఆవా సేన దిగివచ్చింది. చరిత్రకారులు నలభై ఏళ్ల యుద్ధమని పిలిచేది అలా మొదలై, మధ్యమధ్య ఆగుతూ 1424 దాకా సాగింది. 1390 నాటికి గాని ఆ మూడు ప్రాంతాలూ అతని చేతికి రాలేదు. రాజులకే రాజునని పేరు పెట్టుకున్న నాడు అతనికి లొంగిన రాజు ఒక్కడూ లేడు. నా మట్టుకు నాకు ఈ పేరులో డంబం కనిపించదు. కాళ్ల కింద నేల కదులుతుండగా ఒక కుర్రవాడు చేసిన ప్రకటన కనిపిస్తుంది.

ఆ యుద్ధంలోనే, స్వా సా కే తర్వాతి ఆవా రాజు మిన్‌ఖాంగ్ కొడుకు మిన్యే చోస్వా 1415లో దలా దగ్గర తీవ్రంగా గాయపడి, మోనులకు చిక్కి మరణించాడు. దలా నేటి యాంగోన్ నగరానికి నదికి ఆవలి ఒడ్డు. అతని పేరులోని ‘మిన్’ అంటే రాజు, ‘యే’ అంటే ధైర్యం, రెండూ అచ్చ బర్మా మాటలే. మిన్‌ఖాంగ్, రాజాధిరాజు ఇద్దరూ ఒకే ఏడాది, 1421లో, కన్నుమూశారు.

రాజాధిరాజ బిరుదు మనకు కొత్తది కాదు. సరిగ్గా ఆ కాలంలోనే విజయనగరాన్ని ఏలిన రెండవ హరిహరరాయలు ‘మహారాజాధిరాజ రాజపరమేశ్వర’ అనిపించుకున్నాడు. అయితే మన శాసనాల్లో అది బిరుదుగానే ఉండి, రాజు పేరు వేరుగా నిలిచింది. అక్కడ బిరుదే పేరును మింగేసింది. ‘నరపతి’ కూడా అంతే. మనకు అశ్వపతి, గజపతి, నరపతి అన్న మూడింటిలో అది విజయనగర ప్రభువులకు చెల్లే మాట కాగా, ఆవాలో అది 15వ శతాబ్దపు ఒక రాజుకు పేరైపోయింది. కాబట్టి తెలుగులో ‘రాజాధిరాజు’ అని రాసి, మొదటిసారి వచ్చినచోట ‘రజాదరిత్’ అని పక్కన చూపడం మంచిదని నా అభిప్రాయం. ఇంగ్లీషు అక్షరాల వెంట పోయి మన మాటను మనమే పోగొట్టుకోవడం నాకు బాధగా ఉంటుంది.

అలాగని అన్నిటినీ పాళీలోకి లాగకూడదు. బర్మా రాజు బయిన్నౌంగ్ (పాలన 1550–1581) పేరుకు ‘రాజుగారి అన్న’ అని అర్థం. 1538లో నౌంగ్యో యుద్ధం గెలిచినందుకు తబిన్‌ష్వేఠీ రాజు అతనికి ఇచ్చిన బిరుదు అది. వారిద్దరూ కలిసి పెరిగినవారు. పైగా రాజు సోదరిని పెళ్లాడినవాడు కనుక మన వరసలో అతను బావ అవుతాడు. బావను అన్నగా ప్రకటించడంలోని ఆత్మీయత ఏ సంస్కృత సమాసంలోకీ రాదు. దాన్ని ఉన్నదున్నట్టుగా ఉంచాలి.

గజపతికి సాటి బిరుదు అక్కడ ఉందా అని మరొకరు అడిగారు. ఉంది. ‘సిన్‌బ్యూషిన్’ అంటే తెల్ల ఏనుగు ప్రభువు. రాజాధిరాజు తండ్రి బిన్యా ఊ ధరించిన బిరుదు అది. మన గజపతికి ఏనుగుల సేన బలం. అక్కడ మాత్రం తెల్ల ఏనుగు ఉండటమే చక్రవర్తి లక్షణం. అందుకే ఆ ఏనుగుల కోసం యుద్ధమే జరిగింది. సయాం (నేటి థాయిలాండ్) లోని అయోధ్య, అంటే అయుత్థయ, రాజు మహా చక్రఫత్ (ఇది మన ‘మహాచక్రవర్తి’యే) దగ్గరున్న తెల్ల ఏనుగులను బయిన్నౌంగ్ అడిగాడు. అతను ఇవ్వనన్నాడు. బయిన్నౌంగ్ 1563లో దండెత్తి, 1564లో లొంగదీసుకున్నాక, ఏనుగులతో పాటు రాకుమారుడు రమేసువన్‌ను కూడా బందీగా పెగూకు తీసుకుపోయాడు. ఆ రమేసువన్ ఎవరో కాదు, పేరును బట్టి మన రామేశ్వరుడే.