సమస్యాపూరణం: మరలు బిగిసి బండి మలుపు మఱచె

నిర్వాహకుడు (కర్నూలు):
ఈ వారం సమస్య ఇదప్పా. మా పిల్లోడు రిమోట్ బగ్గీకి సర్వో (చక్రాలని పక్కలకి తిప్పే చిన్న మోటారు పెట్టె) మార్చి స్క్రూలన్నీ గట్టిగా బిగించినాడు, మైదానంలో వదిలితే బండి నేరుగా పోతాది గానీ తిరగదు, అప్పుడు తట్టిన పాదం.

మరలు బిగిసి బండి మలుపు మఱచె

మర వదులైతే బండి చెడుతాది సరే, బిగిస్తే ఎందుకు చెడాల అనేదే చిక్కు. సర్వో బిగింపు మీదే రాయండి, ఎడ్లబండి ఆర్టీసీ బస్సు వద్దు.

పెన్నగట్టు (అనంతపురం):
నాది అందుకోండి.

రబ్బరెల్ల నలుగు రాగిగొట్టము నీవు
చెవుల కింద నుండి చేర్చకున్న;
బాడి నొక్కుకొనగ పళ్ళచక్రములాగె
మరలు బిగిసి బండి మలుపు మఱచె.

సర్వో చెవుల్లో, అంటే మరలు దూరే పక్క రెక్కల్లో, రబ్బరు బుష్షులు ఉంటాయి కదా, వాటి లోపలికి ఒక చిన్న గొట్టం పోతాది, దాని అంచు కింద, అంటే సర్వో కూర్చునే దిమ్మె వైపు ఉండాల. అప్పుడు స్క్రూ ఎంత తిప్పినా తల వచ్చి గొట్టం మీద ఆగుతాది, రబ్బరు మెత్తగానే ఉండి అదురు తీసుకుంటాది. సగం మంది పైనుంచి దూరుస్తారు, కొందరు గొట్టం డబ్బాలోనే వదిలేస్తారు. "కింద నుండి" అన్న మాటలోనే నా పూరణ ప్రాణం ఉండాది.

బురుజువాసి (కర్నూలు):
"కింద నుండి" బ్రహ్మాండం, ఒప్పుకుంటా. కానీ అన్నా, రాగి యాడిది? సర్వో డబ్బాలో వచ్చేది ఇత్తడి గొట్టం. ర కి ర కుదరాలని లోహమే మార్చేస్తే ఎట్ల? ఇంకోటి, రబ్బరు నలిగితే సర్వో లోపలి పళ్ళచక్రాలు ఆగవు. దిమ్మెలు సమంగా లేక దాని బాడీ మెలిపడితే ఆగొచ్చు, ఆ మాట పద్యంలో లేదు. ఉత్త బిగింపుకి ముందు పోయేది చెవి.

చిత్రావతి:
నేను హార్న్ వైపు పోయినా, అంటే సర్వో ఇరుసుకి తొడిగి మరతో బిగించే చిన్న చేయి.

హార్ను తొడిగె ముందె యాతృతగా వాడు
స్విచ్చి వేయకుండ, సెంటరిడక;
ఎడమకెంతొ తిరుగు, నించుక కుడి లేదు,
మరలు బిగిసి బండి మలుపు మఱచె.

ముందు రేడియో (చేతిలో ఉండే రిమోట్), తర్వాత బండి ఆన్ చేయాల, ట్రిమ్, అంటే రేడియోలో నడుమ సర్దే మీట, సున్నాలో పెట్టాల, సర్వో తనంతట తాను నడుమకి వచ్చినాక అప్పుడు హార్న్ తొడగాల. ఇరుసు మీద 25 పళ్ళుండే సర్వోలో ఒక్క పన్ను పక్కకి పడితే 14.4 డిగ్రీలు తేడా, దాన్ని ట్రిమ్‌తో సర్దితే ఒక పక్క తిరుగుడు తగ్గిపోతాది. అందుకే ఎడమకి ఎంతో, కుడికి ఏమీ లేదు.

నిర్వాహకుడు:
"తిరుగు, నించుక" దగ్గర ద్రుతం విడదీసి ఎ కి ఇ తో యతి చెల్లించడం చూడండప్పా, ఎంత నున్నగా జారిందో.

బురుజువాసి:
యతి బాగుండాది. కానీ హార్నుకి ఉండేది నడుమ ఒకటే మర కదమ్మా, సమస్యలో "మరలు" అని బహువచనం ఉండాది.

చిత్రావతి:
నైట్రో (ఇంధనంతో నడిచే) బగ్గీలో స్టీరింగుకి ఒక సర్వో, థ్రాటిలూ బ్రేకూ కలిపి ఇంకొకటి, రెండు హార్నులు, రెండు మరలు. వాడు ఆత్రంలో రెండిటికీ అదే పని చేసినాడు.

కడపబండ:
కడప నుంచి నాదీ ఒకటి సామీ.

చివర వరకు తిప్ప జివ్వున మోగెను,
సర్వో వేడియెక్కి చచ్చిపోయె,
హద్దు పెట్టకుండ హడలగొట్టెను చేయి,
మరలు బిగిసి బండి మలుపు మఱచె.

చక్రం ఇంక తిరగలేని చోట సర్వో తోస్తానే ఉంటే కరెంటు లాగి కాలిపోతాది, రేడియోలో రెండు వైపులా హద్దు తగ్గించి పెట్టాల. మా ఎండలకి ఇంకా తొందరగా పోతాది.

పెన్నగట్టు:
రెండో పాదం మొదట్లోనే జారినావు తమ్ముడూ. "సర్వో" రెండూ గురువులే, అక్కడ సూర్యగణం యాడ వచ్చె? "సర్వొ" అని కుదించు, నిలబడుతాది. "జివ్వున మోగెను" మాత్రం చెవికి వినపడింది, నిజంగా ఆ శబ్దం వస్తే స్టిక్ వదిలేయాల.

నిర్వాహకుడు:
గణం సర్దుకోవచ్చు, అన్వయమే కుదరలేదు. సర్వో కాలిపోయింది హద్దు లేక, మరి "మరలు బిగిసి" ఎందుకు? మరకీ కాలడానికీ సంబంధం చూపకపోతే సమస్య నిండలేదు.

బురుజువాసి:
పెన్నగట్టన్న ఆలోచన బంగారం, అందుకే వదలబుద్ధి కాలేదు. ఇట్ల ఉండాల్సింది:

ఇరుకు రబ్బరందు నిత్తడి గొట్టము
చెవుల కింద నుండి చేర్చకున్న
చెవులు చీలిపోయె, సెంటరు జారెను,
మరలు బిగిసి బండి మలుపు మఱచె.

చెవి చీలితే సర్వో దిమ్మె మీద కదులుతాది, అది కదిలితే తిప్పిన శక్తి చక్రం దాకా పోదు, బండి తిరగదు.

పెన్నగట్టు:
నా బండికి నీ రంగు వేసినావు, వేసుకో. రాగి ఇత్తడి లెక్క అడిగేవాడివి, "ఎండ కాచినంత నేరు పొంగె" సమస్యలో నీ పూరణ గుర్తుందా? డ్యాం గేట్లు ఎత్తితే ఎండలో కూడా హంద్రీ పొంగిందని రాసినావు. పైన వానపడి గేట్లు ఎత్తితే కర్నూలుకి నీళ్ళొచ్చేది తుంగభద్రలో కదప్పా. హంద్రీకి గేట్లు ఎవరు పెట్టిరి?

బురుజువాసి:
గాజులదిన్నె ప్రాజెక్టు హంద్రీ మీదే ఉండాది, దానికీ గేట్లు ఉండాయి. గోనెగండ్ల దాకా ఒకసారి పోయి చూసి రా అన్నా.

పెన్నగట్టు:
ఉంటే ఉండనీ, ఆ పద్యంలో గాజులదిన్నె పేరే లేదు. చదివేవాడికి ఎట్ల తెలుస్తాది?

నిర్వాహకుడు:
ఏరు ఆపండి, సర్వోకి రండి. కొన్ని బగ్గీల్లో రబ్బరే ఉండదు, సర్వోని వాషర్లేసి నేరుగా దిమ్మెకి బిగిస్తారు, అట్లాంటి బండికి ఈ "ఇరుకు రబ్బరు" చెల్లదు, అక్కడ సర్వో అడుగు చాసిస్‌ని తాకకుండా సన్న సందు వదలడమే ముఖ్యం. అయినా రబ్బరు ఉన్న బండి వరకు బురుజువాసి కూర్పుకే నా ఓటు, తలపు మాత్రం పెన్నగట్టుదే అని రాసుకోండి.

చిత్రావతి:
ఆ ఓటు ముందు ఒకటి చూడండి సార్. "చెవుల", "చెవులు" వరసగా రెండు పాదాలకీ అదే మొదలు. పెన్నగట్టు గారి పద్యంలో ఆ పునరుక్తి లేదు.

పెన్నగట్టు:
చూసినావా! జవాబు చెప్పాల బురుజన్నా.

బురుజువాసి:
గొట్టం దూరే చెవే చీలే చెవి. ఒకటే చెవికి రెండు పేర్లు పెట్టను, పద్యం అట్లే ఉంటాది.