సమస్యాపూరణం: "గీత దాటినంత గెలుపు రాదు"

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య, ఆటవెలది నాలుగో పాదం:

గీత దాటినంత గెలుపు రాదు

లక్ష్మణరేఖ, కబడ్డీ రెండూ నిషేధం. వదిలేస్తే అవే కుప్పలుగా వచ్చిపడతాయి. పూరణ అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ తొలినాళ్ల మీద ఉండాలి. ఇప్పుడైతే బంతితో గీత దాటగానే ఆరు పాయింట్లు. మరి ఈ పాదం నిజమయ్యే కాలం ఏదో పట్టుకోండి.

న్యూజెర్సీ బాబాయి:
మా పక్క ఊరు న్యూ బ్రన్స్‌విక్‌లోనే 1869 నవంబర్ 6న రట్గర్స్, ప్రిన్స్‌టన్ ఆడాయి. 6–4తో రట్గర్స్ నెగ్గింది.

ఇరువదైదు మంది యెదురెదురై నిల్చి
బంతి మోయకుండ పాదమెత్తి
ఆరు గోల్సు కొట్టి యలనాడు నెగ్గిరి
గీత దాటినంత గెలుపు రాదు

పద్యప్రియ:
ధార బాగుంది బాబాయ్ గారూ. కానీ మొదటి పాదం చదివితే మైదానంలో అందరూ కలిసి ఇరవై ఐదుగురే అనిపిస్తోంది. జట్టుకి 25 కదా, మొత్తం 50 మంది! "జట్టు కిరువదైదు జనులు మైదానాన" అంటే గణాలు, యతి రెండూ కుదురుతాయి. "ఎత్తి" తర్వాత "ఆరు" విసంధి (సంధి కలపకుండా వదిలేయడం), "యారు" చేసేయండి. ఇంకోటి, ఆ రోజు బంతిని పట్టుకుని పరుగెత్తకూడదు, విసరకూడదు గానీ చేత్తో కొట్టి ముందుకు పంపొచ్చు. మీరు చేతులకి అసలు పనే లేకుండా చేశారు.

న్యూజెర్సీ బాబాయి:
"జనులు మైదానాన" తీసుకున్నానమ్మా. చేతులకి ఇంకో పద్యం రాస్తాలే.

సిక్కోలు కుర్రాడు:
1874లో కెనడా మెక్‌గిల్ విశ్వవిద్యాలయం వాళ్లతో ఆడాక హార్వర్డ్‌కి రగ్బీ పద్ధతి నచ్చింది. అందులో గీత అవతల బంతిని నేలకి తాకిస్తే గోల్ కొయ్య మీదుగా బంతిని తన్నే అవకాశం వస్తుంది, అంతే.

నేల ముట్టఁ జేసి నిలిచిన వానికి
తన్ను హక్కె గాని దక్క దంకె
కొయ్య పైకి బంతి ఎగరకుంటే సున్న
గీత దాటినంత గెలుపు రాదు

నిర్వాహకుడు:
రెండో పాదానికి వీరతాడు! సమస్యకి అసలు జవాబు అదే. మూడో పాదంలో గణాలు సరిపోయాయి, యతి తప్పింది. "కొ"కి "ఎ" చెల్లదు. "కొయ్య పైకి బంతి గురి తప్పెనా సున్న" అని చూడు తమ్ముడూ, కొ–గు మైత్రి కుదురుతుంది. మాట కూడా నాలుక మీదికి తేలిగ్గా వస్తుంది. కాకపోతే ఈ పద్యం 1876కి ముందుదే. ఆ ఏడాది స్ప్రింగ్‌ఫీల్డ్‌లో కాలేజీలవాళ్లు కూర్చుని నాలుగు టచ్‌డౌన్లు (గీత అవతల బంతిని నేలకి తాకించడం) ఒక గోల్‌కి సమానం అన్నారు. అప్పుడు కూడా లెక్క సమానమైతే టచ్‌డౌన్ తర్వాత తన్నిన గోల్‌దే పైచేయి.

పద్యప్రియ:
నాది 1883 నాటి లెక్క.

ముట్టినందు కపుడు మొత్తమ్ము రెండంట
తన్ని కొయ్య దాట దక్కు నాల్గు
కాలి దెబ్బ కెదురు కాలేవు చేతులు
గీత దాటినంత గెలుపు రాదు

న్యూజెర్సీ బాబాయి:
మూడో పాదం పదిసార్లు చదువుకోవచ్చు. "రెండంట" మాత్రం పద్యంలో కాస్త వాడుక వాసన వేస్తోంది.

నిర్వాహకుడు:
ఉండనివ్వండి బాబాయ్ గారూ, ఆ లెక్క వింటే ఎవరైనా "అంట" అనే అంటారు. ఆట నడుస్తుండగానే నేరుగా తన్నే ఫీల్డ్ గోల్‌కి అప్పట్లో ఏకంగా ఐదు!

సిక్కోలు కుర్రాడు:
మరి ఇది ఎప్పుడు తిరగబడింది అన్నా?

నిర్వాహకుడు:
ఒక్కసారిగా కాదు. కొద్దికాలానికే టచ్‌డౌన్‌కి నాలుగు, దాని తర్వాతి తన్నుకి రెండు చేశారు. ఫీల్డ్ గోల్ 1904లో నాలుగుకి, 1909లో మూడుకి దిగింది. 1906లో బంతిని ముందుకు విసరడం ఒప్పుకున్నారు. 1912లో టచ్‌డౌన్ ఆరయింది, బంతిని నిలుపుకోవడానికి కావలసిన గజాలు ముందుకు సాగేందుకు ఇచ్చే అవకాశాలు మూడు నుంచి నాలుగయ్యాయి. అక్కడితో మన సమస్యకి కాలం చెల్లింది.

ఈ వారం పద్యప్రియ గారిదే మొదటి పూరణ. వచ్చే వారానికి:

బంతి దాచుకొన్న భంగపడరు

చిన్న ఆధారం: 1881 ప్రిన్స్‌టన్–యేల్ ఆట. మొదటి సగమంతా ఒకరు, రెండో సగమంతా ఇంకొకరు బంతిని వదల్లేదు. 0–0. మరుసటి ఏడాదే మూడు ప్రయత్నాల్లో ఐదు గజాలు సాగకపోతే బంతి అవతలివాళ్లకి ఇచ్చెయ్యాలని నియమం పెట్టారు. శుక్రవారం రాత్రికల్లా పంపండి.