జ్వరం తగ్గింది, దగ్గు మిగిలింది: పరుగు మొదలుపెట్టనా, ఆగనా?

పరుగుపిచ్చి: వైరల్ జ్వరం వచ్చి తగ్గింది. మాత్ర వేసుకోకపోయినా టెంపరేచర్ నార్మల్‌గానే ఉంటోంది. దగ్గు, నీరసం మాత్రం వదల్లేదు. హాఫ్ మారథాన్ దగ్గర పడుతోంది. నెలల తరబడి కూడగట్టుకున్న స్టామినా కరిగిపోతోందని ఒకటే బెంగ. మా రన్నింగ్ గ్రూపులో సగం మంది "నాలుగు చెమట చుక్కలు కారితే అదే పోతుంది, వచ్చెయ్" అంటున్నారు. మిగతావాళ్లు రెండు వారాలు మంచం దిగొద్దంటున్నారు. మీరేమంటారు?

చెమటే మందు: వచ్చెయ్యండి. మెడ సూత్రం వినే ఉంటారు. ముక్కు కారడం, తుమ్ముల్లాంటివి మెడకి పైనే ఉంటే తేలిగ్గా చేసుకోవచ్చు. జ్వరం, ఒళ్లునొప్పులు, ఛాతీలో దగ్గు ఉంటే ఆగాలి. మీకు జ్వరం లేదుగా!

గుండెచప్పుడు: మీ సూత్రమే మీ సలహాకి అడ్డొస్తోందండీ. ఆ దగ్గు గొంతు గరగరా, ఛాతీలోంచి వస్తోందా అని ఒక్క ముక్కైనా అడిగారా? నీరసం మెడకి పైన ఉండేదా? చెమటతో వైరస్ పోదు, పోయేది నీళ్లూ ఉప్పూ. జ్వరమున్నప్పుడు ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే గుండె నిమిషానికి దాదాపు 10 సార్లు ఎక్కువ కొట్టుకుంటుంది. పడుకున్నా అది పని చేస్తూనే ఉందన్నమాట.

అసలు భయం మయోకార్డైటిస్, అంటే గుండె కండరం వాపు. కాక్సాకీ బి, ఫ్లూ, కోవిడ్ వైరస్‌లు దాన్ని తేగలవు. అరుదే, ఒప్పుకుంటాను. కానీ ఆ స్థితిలో గట్టిగా శ్రమిస్తే గుండె లయ తప్పి ప్రాణం మీదికి రావచ్చు. అది బయటపడిన క్రీడాకారులను మామూలుగా 3 నుంచి 6 నెలలు పోటీలకు దూరంగా ఉంచుతారు.

చెమటే మందు: అరుదని మీరే అంటూ అందర్నీ మంచానికి కట్టేస్తున్నారు. 1966లో డల్లాస్‌లో ఆరోగ్యంగా ఉన్న ఐదుగురు కుర్రాళ్లను 3 వారాలు మంచం మీదే ఉంచారు. వాళ్ల వీవోటూ మ్యాక్స్, అంటే గట్టిగా శ్రమించేటప్పుడు ఒళ్లు గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్, నాలుగో వంతుకు పైగా పడిపోయింది. 30 ఏళ్ల తర్వాత ఆ ఐదుగురినే మళ్లీ పరీక్షిస్తే, అన్నేళ్ల వయసు చేసిన నష్టం కన్నా ఆ 3 వారాల నష్టమే ఎక్కువని తేలింది. ఇప్పుడు చెప్పండి, విశ్రాంతి మంచిదేనా?

నింపాది: ఆ ప్రయోగంలో రెండో సగం ఎందుకు వదిలేశారు? తర్వాత కొన్ని వారాలు శిక్షణ ఇస్తే పోయిందంతా తిరిగొచ్చింది. పైగా వాళ్లు మంచం దిగనే లేదు. ఇంట్లో అటూ ఇటూ తిరుగుతూ పరుగు మాత్రం మానేసిన మనిషికి అంత నష్టం ఉండదు. మొదటి రెండు వారాల్లో తగ్గేది చాలామటుకు రక్తంలోని ద్రవభాగం, ప్లాస్మా. మళ్లీ మొదలుపెడితే అది త్వరగానే పెరుగుతుంది.

పరుగుపిచ్చి గారూ, మీకు పోయింది ఫిట్‌నెస్ కాదు, వరస. క్యాలెండర్‌లో ఖాళీ గళ్లు చూసి బెంగపడుతున్నారు. నేనైతే రోజులు లెక్కపెట్టను, మర్నాడు పొద్దున ఒళ్లు చెప్పేది వింటాను. పక్కవాళ్లతో ఆగకుండా మాట్లాడగలిగేంత మెల్లగా నడవండి. మర్నాడు నిద్ర లేచేసరికి పల్స్ మామూలుగా ఉండి, నీరసం పెరగకపోతే కాస్త పెంచండి. పెరిగితే వెనక్కి తగ్గండి.

బార్‌బెల్: బరువులెత్తేవాళ్లకి ఈ గొడవే లేదు. రెండు మూడు వారాలు ఆగినా బలం పెద్దగా తగ్గదు. 😀

గుండెచప్పుడు: నింపాది గారి పద్ధతి బాగానే ఉంది కానీ ఏ వైరసో తెలియాలి కదా. గ్రంథుల జ్వరమైతే (మోనోన్యూక్లియోసిస్ అనే వైరల్ జబ్బు) కడుపులో ఎడమవైపుండే ప్లీహం ఉబ్బి ఉంటుంది, దెబ్బ తగిలితే చిట్లే ప్రమాదం. అందుకే ఒళ్లు తగిలే ఆటలు కనీసం 3, 4 వారాలు వద్దంటారు. డెంగీలో జ్వరం దిగిన తర్వాతి ఒకటి రెండు రోజులే అసలు గండం. ఇక ఛాతీ నొప్పి, గుండె దడ, కళ్లు తిరగడం, మామూలు పనికే ఆయాసం, వీటిలో ఏది ఉన్నా నడక కూడా వద్దు, ముందు డాక్టరు దగ్గరికి వెళ్లి ఈసీజీ తీయించుకోండి.

నింపాది: నిజమే. ఇంకొకటి కూడా. వారాలు గడిచినా, చిన్న పని చేసిన మర్నాడు కుప్పకూలుతుంటే "మెల్లమెల్లగా పెంచు" అన్న నా సలహా కూడా పనికిరాదు. దీర్ఘకాలిక అలసట జబ్బు ఉన్నవాళ్లకి దశలవారీగా వ్యాయామం పెంచే చికిత్స ఇవ్వొద్దని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ 2021లో చెప్పింది.

పరుగుపిచ్చి: దగ్గు ఛాతీలోంచే వస్తోందండీ. మెట్లెక్కితే ఆయాసం కూడా ఉంది, అది రాయలేదు. రేపు డాక్టరుకి చూపించుకుంటాను. నడకైనా ఆ తర్వాతే. రేసు ఎంట్రీ వచ్చే సారికి మారుస్తారేమో కనుక్కుంటున్నాను.

చెమటే మందు: ఆయాసం సంగతి ముందే చెబితే నేను రమ్మనేవాణ్ణి కాదు. జలుబుకి మాత్రం ఆగను, అది వేరే సంగతి.