"ఎలెఫాంట్" కాఫీ హౌస్‌లో ఆ ఐదు నిమిషాలు: గూఢచారి కథకు ప్రాణమా, పొరపాటా?

హాస్టల్ టీవీ:
చాలా ఏళ్ళుగా మనసులో ఉన్న గొడవ ఇది. చూడనివాళ్ళ కోసం ముందు నాలుగు ముక్కలు చెప్తాను.

"వసంతంలో పదిహేడు క్షణాలు" 1973 ఆగస్టులో సోవియట్ టీవీలో వచ్చిన సీరియల్. పన్నెండు భాగాలు, బ్లాక్ అండ్ వైట్. యులియన్ సెమ్యోనోవ్ నవల ఆధారంగా తత్యానా లియోజ్‌నొవా అనే ఆవిడ తీశారు. కథాకాలం 1945 ఫిబ్రవరి, మార్చి. నాజీల ఎస్.ఎస్. దళం యూనిఫాంలో బెర్లిన్‌లో బతుకుతున్న సోవియట్ గూఢచారి ష్టిర్లిట్స్‌కి మాస్కో ఒక పని అప్పగిస్తుంది. నాజీ పెద్దల్లో అమెరికావాళ్ళతో చాటుగా సంధి బేరం చేస్తున్నది ఎవరో కనుక్కోవాలి. ష్టిర్లిట్స్‌గా వేసింది వ్యాచెస్లావ్ తీఖనోవ్.

ఎనభైల్లో మాస్కో లుముంబా యూనివర్సిటీలో చదువుకుంటూ హాస్టల్ హాల్లో చూశాను. మన తెలుగువాళ్ళం నలుగురం ఒక బెంచీ మీద. మూడో భాగంలో ఆ కాఫీ హౌస్ సీన్ వచ్చేసరికి రష్యన్ కుర్రాళ్ళందరూ గప్‌చుప్. ఏళ్ళ తరబడి చూడని భార్యని బెర్లిన్‌కి తీసుకొచ్చి, ఎదురుగా ఇంకో టేబుల్ దగ్గర కూర్చోబెడతారు. ఒక్క మాట ఉండదు. దగ్గరికి వెళ్ళడానికి లేదు. ఐదు నిమిషాలకు పైగా ఆయన ముఖం, ఆవిడ ముఖం, మికాయేల్ తారివెర్‌దియెవ్ సంగీతం, అంతే. తర్వాత ఆవిడ వెళ్ళిపోతుంది.

ఆ రోజు నాకూ కళ్ళు తడిశాయి. ఇప్పుడు మాత్రం అది సీరియల్ మొత్తంలో అతి పెద్ద అబద్ధం అనిపిస్తోంది. శత్రువు రాజధానిలో, గెస్టపో అనే నాజీ రహస్య పోలీసుల ముక్కు కింద, పెళ్ళాన్ని తెచ్చి చూపించే గూఢచారి సంస్థ ఎక్కడుంటుంది? చూపు అంత సేపు నిలిస్తే పక్క టేబుల్‌వాడికి అనుమానం రాదా? అదీగాక, ఈ సీన్ నవల్లో లేదు. సీరియల్‌కి తెచ్చి అతికించారు. తీసేస్తే కథలో ఒక్క పోగు కూడా తెగదు.

గోదారి గట్టు:
అన్నా, తీసేస్తే కథ తెగదు, నిజమే. కానీ దాన్ని తీసేసి మిగిలిన పదకొండు భాగాలు చూడండి. ఆ మనిషి ఎవరో మీకు తెలుస్తుందా? కారు పక్కన ఆపి నిద్రపోతాడు, సరిగ్గా ఇరవై నిమిషాలకి లేస్తాడు. గెస్టపో అధిపతి ముల్లర్ సెల్లార్లో పెట్టి తాళం వేస్తే అగ్గిపుల్లలు బల్ల మీద పేర్చుకుంటూ ఆలోచిస్తాడు. అన్నీ చేతనైనవే తప్ప చేతకానిది అంటూ లేని మనిషి. ఆయనకి చేతకానిది ఒక్కటే చూపించారు, లేచి నాలుగు అడుగులు వేసి భార్య దగ్గర కూర్చోవడం. నాకు సీరియల్లో నిజమైన టెన్షన్ అక్కడే వచ్చింది. ముల్లర్‌తో మాట్లాడేటప్పుడు కూడా అంత రాలేదు.

ఇంకోటి. మన దగ్గరైతే అక్కడ ఒక పాట పెడతారు, పెళ్ళినాటి ఫ్లాష్‌బ్యాక్ వేస్తారు. లియోజ్‌నొవా గారు ఇవేవీ చెయ్యలేదు. ఎలియొనోరా షష్‌కోవా గారికి ఆ సీన్లో ఒక్క డైలాగ్ లేదు. యాభై ఏళ్ళు దాటినా జనం ఆవిడని "ష్టిర్లిట్స్ భార్య" అనే గుర్తుపెట్టుకున్నారు.

హాస్టల్ టీవీ:
నటన గురించి నాకు పేచీ లేదు. పేచీ అంతా ఆ ఏర్పాటు మీద.

నిజంగా ఏం జరిగేదో చూడండి. రుడాల్ఫ్ ఏబెల్ పేరుతో అందరికీ తెలిసిన సోవియట్ గూఢచారి విలియం ఫిషర్ 1948 నుంచి అమెరికాలో రహస్యంగా ఉన్నాడు. 1955లో ఆయన్నే కొన్ని నెలలు సెలవు మీద మాస్కో రప్పించారు. భార్యనీ కూతుర్నీ చూసుకుని మళ్ళీ న్యూయార్క్ వెళ్ళాడు. అంటే పద్ధతి ఏంటి? మనిషిని ఇంటికి పిలిపించడం. ఇంటి మనిషిని శత్రుదేశానికి తీసుకెళ్ళి చూపించడం కాదు.

అసలు నన్ను బాధపెట్టేది రిచర్డ్ సోర్జ్ కథ. టోక్యోలో జర్మన్ పత్రికా విలేకరి ముసుగులో ఉన్న సోవియట్ గూఢచారి. భార్య కాత్యా మక్సీమొవా మాస్కోలో. 1935లో సోర్జ్ మాస్కో వచ్చి వెళ్ళాడు, అదే ఆఖరి చూపు. 1941 అక్టోబరులో జపాన్‌వాళ్ళు ఆయన్ని అరెస్టు చేశారు. 1942లో కాత్యాని అరెస్టు చేసింది ఎవరు? జపాన్‌వాళ్ళు కాదు, జర్మన్లు కాదు, సొంత దేశం! సైబీరియాలోని క్రాస్నొయార్స్క్ ప్రాంతానికి పంపేశారు, 1943లో అక్కడే చనిపోయింది. సోర్జ్‌ని 1944 నవంబరు 7న ఉరితీశారు. ఇరవై ఏళ్ళ తర్వాత, 1964లో, ఆయనకి "సోవియట్ యూనియన్ వీరుడు" బిరుదు ఇచ్చారు.

ఇది తెలిశాక ఆ కాఫీ హౌస్ సీన్ ఎలా చూడగలం? భార్యని అంత దూరం తీసుకొచ్చి చూపించే దయగల ఆఫీసు అట! చేసినదాని మీద ముసుగు కప్పినట్టుంది నాకు.

లెక్కల మాస్టారు:
బాబూ, మీ కోపం న్యాయమే. అయితే కొలబద్ద ఒక్క సీన్‌కే పెట్టడం న్యాయం కాదు.

సీరియల్ అసలు పునాదే కల్పన. గెస్టపోలో నిజంగా సోవియట్ ఏజెంటుగా ఏళ్ళ తరబడి పనిచేసింది విల్లీ లేమాన్, పుట్టు జర్మన్. ఆయన్ని 1942 డిసెంబరులో చంపేశారు. 1945 వసంతం దాకా బతికి, ముల్లర్‌తో కబుర్లు చెప్పి, స్విట్జర్లాండ్ వెళ్ళి, మళ్ళీ తాపీగా బెర్లిన్ తిరిగొచ్చే రష్యన్ ఆఫీసరు చరిత్రలో లేడు. సంధి బేరం సంగతీ అంతే. ఎస్.ఎస్. జనరల్ కార్ల్ వోల్ఫ్ 1945 మార్చిలో అమెరికా గూఢచారి అధికారి ఎలెన్ డలెస్‌ని కలిసింది నిజం. స్టాలిన్, రూజ్‌వెల్ట్‌ల మధ్య ఘాటు ఉత్తరాలు నడిచిందీ నిజం. కానీ సీరియల్లో చూపించినట్టు ఆ బేరం చెడిపోలేదు. ఇటలీలోని జర్మన్ సైన్యాల లొంగుబాటు ఒప్పందం మీద ఏప్రిల్ 29న సంతకాలయ్యాయి, మే 2 నుంచి అమలైంది. ఇవన్నీ ఒప్పుకుని కూర్చున్న ప్రేక్షకుడు ఒక్క కాఫీ హౌస్ దగ్గరే చరిత్ర పుస్తకం తియ్యడం ఏమిటి?

నా అభ్యంతరం వేరు. ఇంటి బెంగ చూపించడానికి ఇంతకంటే మంచి సీన్ అందులోనే ఉంది. ఫిబ్రవరి 23, ఎర్రసైన్యం దినోత్సవం. ష్టిర్లిట్స్ తన ఇంట్లో చలిమంట పొయ్యిలో బంగాళాదుంపలు కాల్చుకుని చేత్తో తింటాడు. పైకి వినపడకుండా మనసులో పాట పాడుకుంటాడు. ఎవరి ప్రాణానికీ ముప్పు లేదు, భార్య అక్కర్లేదు, కాఫీ హౌస్ అక్కర్లేదు. మసి అంటిన వేళ్ళతో దుంప పొట్టు ఒలుచుకుంటుంటే ఊరు మొత్తం కళ్ళ ముందుకొస్తుంది. నాకు అది చాలు.

గోదారి గట్టు:
మాస్టారూ, దుంపల సీన్ నాకూ ప్రాణమే. కానీ అది ఊరి బెంగ. ఇది మనిషి బెంగ. రెండూ ఒకటి కావు కదండీ.

నీలిరంగు సూట్‌కేసు:
నేను ఈ మధ్యే సబ్‌టైటిల్స్‌తో చూశాను. గూఢచారులు, సంధులు నాకు పెద్దగా తెలియవు. మాది కోనసీమ. మా నాన్న కువైట్లో పదకొండేళ్ళు పనిచేశారు. ఒకసారి బొంబాయి మీదుగా వేరే పనికి వెళ్తూ, అక్కడ విమానం మారడానికి కొన్ని గంటలు ఆగారు. అమ్మ నన్ను తీసుకుని రైల్లో వెళ్ళింది. నాన్న బయటికి రావడానికి కుదరలేదు. అద్దం అవతల ఆయన, ఇవతల మేము. అమ్మ చెయ్యి కూడా ఊపలేదు. చూస్తూ నిలబడింది. తిరుగు రైల్లో ఒక్కటే అంది, "చిక్కిపోయారు" అని.

కాబట్టి ఆ సీన్ అబద్ధం అంటే నేను ఒప్పుకోను. గెస్టపో ఉన్నా లేకపోయినా మనుషులు అలా చూసుకుంటారు. పెళ్ళాం అంత దూరం ఎందుకు వస్తుంది అని మీరు అడిగారు. చూపు కోసమే వస్తుందండీ.

నా బాధ ఇంకోటి. ఆవిడ ఎలా వచ్చింది? ఎన్ని సరిహద్దులు దాటింది? దొరికితే ఏమయ్యేది? తిరిగి వెళ్ళాక ఎవరితో చెప్పుకుంది? అవేమీ లేవు. ఆ ఐదు నిమిషాలూ ఆయన ఎంత త్యాగం చేశాడో మనకి చెప్పడానికే ఆవిడ వచ్చినట్టుంది. అదే సీరియల్లో రేడియో ఆపరేటర్ కాత్‌ని చూడండి. బాంబుదాడిలో భర్త పోతాడు, ఆసుపత్రిలో బిడ్డని కంటుంది. నోరు విప్పించడానికి ఆ పసిబిడ్డని చలిలో తెరిచిన కిటికీ దగ్గర పెడతారు. ఆ అమ్మాయికి కథ ఉంది, భయం ఉంది, నిర్ణయం ఉంది. భార్యకి ముఖం మాత్రమే ఇచ్చారు.

హాస్టల్ టీవీ:
అమ్మా, మీ అమ్మగారి సంగతి చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. "మనుషులు అలా చూసుకోరు" అని నేను అనలేదు, అనను కూడా. ఆ చూపు నిజమే.

కానీ ఒక్క విషయం చూడండి. చివర్లో, స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో, భార్యకి ఏమైనా రాసి ఇస్తే చేరుస్తామని సొంత మనిషి అంటాడు. ష్టిర్లిట్స్ రాస్తాడు. రాసి, పంపడు. అది సరిహద్దులు దాటి వెళ్ళే కాగితం, దొరికితే ప్రమాదం. ఆ ఉత్తరం పంపని మనిషి నాకు నమ్మకంగా కనిపిస్తాడు. ఉత్తరానికే అంత భయపడేవాడు ఆ కాఫీ హౌస్‌కి ఎలా వెళ్ళాడు?

లెక్కల మాస్టారు:
కాఫీ హౌస్ పైవాళ్ళ నిర్ణయం, ఉత్తరం ఆయన సొంత నిర్ణయం. తేడా అక్కడుంది. మాస్కో ఏర్పాటు చేసింది కాబట్టి వెళ్ళి కూర్చున్నాడు, అక్కడ కూడా తన వంతు తప్పు చెయ్యలేదు, కదల్లేదు. ఉత్తరం దగ్గర తనే పై అధికారి, తనే ఆపేశాడు. నా మటుకు ఆ రెండు సీన్లూ ఒకదానికొకటి జవాబు. ఇది రాస్తుంటే తెలిసింది, దుంపల సీన్ చాలు అన్న మాట వెనక్కి తీసుకోవాలి. కాఫీ హౌస్ లేకపోతే ఆ పంపని ఉత్తరానికి బరువే లేదు.

హాస్టల్ టీవీ:
ఇది నాకు తట్టలేదు మాస్టారూ. సరే, తప్పు ష్టిర్లిట్స్‌ది కాదు, ఒప్పుకుంటున్నాను. తీసేస్తే పోగు తెగదు అన్నదీ తప్పే, ఉత్తరం దగ్గర తెగుతుంది. మాస్కో ఆఫీసుని అంత దయగా చూపించడం మాత్రం నేను క్షమించలేను. 1973లో ఇంటింటా కూర్చుని చూసిన జనంలో యుద్ధానికి మనిషిని పోగొట్టుకోని ఇల్లు తక్కువ. వాళ్ళు ఆ బల్ల దగ్గర తమవాళ్ళని చూసుకుని ఉంటారు, వాళ్ళ కన్నీళ్ళని నేను తప్పుపట్టను. కాత్యా మక్సీమొవా పేరు ఆ సాయంత్రం ఎంతమందికి తెలుసు అన్నదే నా ప్రశ్న.

నీలిరంగు సూట్‌కేసు:
నాకూ ఇవాళే తెలిసింది. ఇప్పుడే మూడో భాగం మళ్ళీ పెట్టాను. ఈసారి ఆయన ముఖం వచ్చినప్పుడల్లా ఆవిడ ముఖం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూశాను. ఆవిడ ఏడవదు. నవ్వబోయి ఆగిపోతుంది, అంతే. మా అమ్మకి ఫోన్ చేసి, ఆ రోజు బొంబాయిలో నాన్న ఏ చొక్కా వేసుకున్నారో గుర్తుందా అని అడిగాను. వెంటనే చెప్పింది.