బూమ్ ప్రివెంటర్ మధ్యలో కట్టాలా, చివరన కట్టాలా?

కీమా గాలి:
హ్యూస్టన్ దగ్గర కీమాలో మాది 34 అడుగుల కాటలినా తెరచాప పడవ. నవంబరులో నార్తర్ (ఉత్తరాది చలిగాలి) వెళ్లిపోయాక, ఆ ఈశాన్య గాలి పట్టుకుని మా ఆవిడా నేనూ గాల్వెస్టన్ నుంచి పోర్ట్ అరాన్సాస్ వెళ్దామనుకుంటున్నాం. రాత్రి ఒక్కొక్కరం కాపలా. బూమ్‌ని (తెరచాప అడుగు అంచుని పట్టే అడ్డకర్ర) కిందకి లాగి పట్టే వ్యాంగ్ విప్పి పక్క రైలుకి (పడవ అంచు పట్టీ) తగిలిస్తే అదే ప్రివెంటర్, అంటే బూమ్ హఠాత్తుగా అవతలికి తిరగకుండా ఆపే తాడు, అన్నారు పడవ అమ్మినాయన. చాలుతుందా?

పాత చాప:
చాలదు తమ్ముడూ. ఈశాన్య గాలితో నైరుతికి పోతుంటే గాలి సరిగ్గా వీపు మీదే ఉంటుంది. ఒక్క అల వెనక మూలని నెట్టిందంటే గాలి తెరచాప అవతలి ముఖాన కొడుతుంది. బూమ్ మధ్యలో కట్టిన తాడు మీద చివరన కట్టినదానికి రెట్టింపు బలం పడుతుంది. పైగా పక్క రైలుకి కడితే ఎక్కువగా కిందకే లాగుతుంది, ముందుకి లాగేది తక్కువ. పడవ ఒరిగి బూమ్ కొస నీళ్లలో మునిగితే ఆ మధ్య కట్టు దగ్గరే బూమ్ విరగొచ్చు.

బూమ్ బయటికి వెళ్లాక దాని కొస చేతికి అందదు. అందుకని నేను కొసకి రెండు పక్కలా బూమ్ పొడవుకి కాస్త తక్కువగా ఒక్కో తాడు ఎప్పుడూ ఉంచుతాను, పని లేనప్పుడు గూస్‌నెక్ (బూమ్ స్తంభానికి కలిసే కీలు) దగ్గర కట్టేస్తాను. బయల్దేరేటప్పుడు దానికి పొడుగు తాడు ముడేసి, షరౌడ్లకీ (స్తంభాన్ని పక్కల నుంచి పట్టే తీగలు) లైఫ్‌లైన్లకీ (పడవ అంచు కంచె తీగలు) బయటి నుంచి పడవ ముందు కొసకి తీసుకెళ్లి, బ్లాక్‌లో (కప్పీ) తిప్పి, మనం కూర్చునే కాక్‌పిట్‌లోని వించ్‌కి (తాడు చుట్టి బిగించే డ్రమ్ము) తెస్తాను. తాడు అక్కడ వెనక్కి మళ్లుతుంది కాబట్టి బ్లాక్ మీద తాడు లాగుడుకి దాదాపు రెట్టింపు పడుతుంది. దాన్ని డెక్ మీద తాళ్లు కట్టే క్లీట్ లాంటి గట్టి చోటే కట్టు, ముందు కొసన ఉండే పైపు కంచెకి (పల్పిట్) వద్దు.

వించ్ దాకా తేవాలని ఎందుకు పట్టుబడుతున్నానంటే, చాప తిరగబడి పట్టేసినప్పుడు కాపలాలో మీ ఆవిడ ఒక్కరే ఉండొచ్చు. చీకట్లో ముందుకి పాకాల్సిన పని ఆమెకి పెట్టకు. వించ్ మీద చుట్లుంటే కూర్చున్నచోటు నుంచే మెల్లగా వదులుతుంది. 2016 జూన్‌లో న్యూజిలాండ్ నుంచి ఫిజీకి బయల్దేరిన ప్లాటినో అనే పడవలో జైబ్ (వెనక గాలిలో బూమ్ ఒక పక్క నుంచి అవతలి పక్కకి తిరగడం) అదుపు తప్పి ఇద్దరు పోయారు. పెద్ద పడవ, అనుభవమున్న మనుషులు.

ప్యూజెట్ పడవ:
నైలాన్ అయితే కుదుపు మింగుతుంది కదా అన్నా? మేం బూమ్ బ్రేక్ వాడతాం, జైబ్‌కి తాడు మార్చే పనే లేదు.

పాత చాప:
నైలాన్ సాగినంత మేరా బూమ్ ఊపందుకుంటుందమ్మా. నాకు 10 మి.మీ. పాలిస్టరే నమ్మకం. బ్రేక్ మంచిదే, కానీ అది బూమ్ జోరు తగ్గిస్తుంది, ఆపదు. రాత్రి కాపలాకి నాకు ఆపేదే కావాలి.

కీమా గాలి:
రెండు పక్కలా కట్టేస్తాను అన్నా. మరి కావాలనే జైబ్ చేయాలంటే?

పాత చాప:
మెయిన్‌షీట్ (బూమ్‌ని లోపలికి లాగే తాడు) లాగుతూ, ప్రివెంటర్ వదులుతూ బూమ్‌ని నడిమికి తెండి. చాప తిరిగాక షీట్ వదులుతూ కొత్త పక్క తాడు బిగించండి. పాతది వదులుగా ఉందో లేదో చూశాకే షీట్ వదలాలి. ముందు పగలు, తక్కువ గాలిలో, మీ ఆవిడ చేత చేయించు.