‘పక్క గడిలకెళ్లి పోతే ఒక దెబ్బ’: ఈ వాక్యానికి అర్థమేంది?

నల్లగొండ:
పాచికలు వేసి, గడుల కాగితం మీద బొమ్మలు జరుపుతూ పాత్రలుగ ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట ఐదో ఎడిషన్ (2014) యుద్ధ నియమాలను తెలుగుల రాసుకున్న కాగితంల ఒక వాక్యం ఇట్ల ఉంది: “శత్రువు పక్క గడిలకెళ్లి పోతే, ఆ శత్రువు మీకు ఒక దెబ్బ కొట్టొచ్చు.” పక్క నుంచి నడిచిపోతేనే దెబ్బ అని కొందరు, ఆ గడి విడిచిపెడితే దెబ్బ అని కొందరు అంటున్నరు. భాష లెక్కన ఏది సరైంది?

దేవరకొండ:
అన్నా, భాష లెక్కన రెండూ సరైనవే. తిప్పలంతా ‘-లకెళ్లి’తోని. “వాడు నకిరేకల్లకెళ్లి వచ్చిండు” అంటే అక్కడ బయలుదేరి వచ్చిండని. “బస్సు నకిరేకల్లకెళ్లి పోతది” అంటే ఆ ఊరి మీదుగ పోతదని. బయలుదేరిన చోటుకూ నడిచే దారికీ మన దిక్కు ఒకటే ప్రత్యయం. మాట్లాడేటప్పుడు సందర్భం అర్థం చెప్తది, నియమంల సందర్భం ఉండదు. ‘దాటితే’ అని మార్చినా ఇదే గోస: వాగు దాటుడు అంటే ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు, పొలిమేర దాటుడు అంటే బయటపడుడు.

అసలు నియమం బయటపడుడు గురించే. గడుల కాగితం మీద చూడండి. శత్రువు రెండో వరుస, 4వ గడిల ఉన్నడు. మీరు మొదటి వరుసల 1 నుంచి 6కు నడుస్తున్నరు. 3, 4, 5 గడులు వాని చేతికి అందేవి. 3లకు వచ్చినప్పుడు దెబ్బ లేదు, 3 నుంచి 4కు, 4 నుంచి 5కు పోయినప్పుడూ లేదు. 5 నుంచి 6కు పోయేటప్పుడే ఉంది. 5లనే ఆగితే ఏమీ లేదు. వాని చుట్టూ ఉన్న 8 గడులల్ల ఒక చుట్టు తిరిగినా దెబ్బ పడదు.

‘పక్క గడి’ అన్న మాట గూడ తీసెయ్యాలె. హాల్‌బర్డ్ లాంటి పొడుగు పిడి ఆయుధం 2 గడుల దూరం అందుతది. దాని ముందల పక్క గడి నుంచి ఒక గడి వెనుకకు జరిగినా ఇంకా దానికి అందే దూరంలనే ఉన్నట్టు.

మిర్యాలగూడ:
‘పోతే’ మీద ఎవరూ మాట్లాడలేదు. ‘పోతే’ అంటే పోవుడు అయిపోయినంక అన్న అర్థం గూడ వస్తది. అట్ల చదివితే మనిషి అప్పటికే 6ల ఉన్నడు, శత్రువు చెయ్యి అక్కడికి అందదు, నియమం తన్నుకుంటది. అసలు పాఠంల దెబ్బ పడేది శత్రువుకు అందే చోటు విడువబోయే క్షణానికి కొంచెం ముందు. కాబట్టి ‘పోబోతే’ అనాలె. లెక్క గూడ మారుతది: ఆ దెబ్బకు మనిషి పడిపోతే బొమ్మను 5ల పండబెట్టాలె, 6ల కాదు.

పాలమూరు:
సార్, ఇంకొకటి. ఎవరన్న నూకితే బయటపడ్డోనికి ఈ దెబ్బ ఉండదు, టెలిపోర్ట్ అయినా (మంత్రంతోని ఒక చోట మాయమై ఇంకొక చోట తేలినా) ఉండదు. తెలుగుల దీనికి మంచి వసతి ఉంది. పోవుడు, జరుగుడు వేరు. నూకుడు, జరుపుడు వేరు. అందుకే ఇక్కడ ‘తనంత తాను పోబోతే’ అని రాయండి.

‘కదిలితే’ మాత్రం ఇక్కడ వాడొద్దు. రాయిని నూకినా అది కదిలిందనే అంటం. ఆ మాట స్పైక్ గ్రోత్ మంత్రానికి పనికొస్తది: ముండ్ల నేలల ప్రతి గడికీ, నాలుగు ముఖాల పాచికలు రెండు వేస్తే వచ్చినంత దెబ్బ, నడిచినా సరే, ఎవరన్న నూకినా సరే. ఒక నియమానికి ‘పోబోతే’, ఇంకొకదానికి ‘కదిలితే’ అని రాస్తే తగాదకు తావుండదు.

దేవరకొండ:
మంచిగ చెప్పినవ్ తమ్ముడూ. ‘అడుగులు’ గూడ సూడాలె. “వేగం 30 అడుగులు” అని రాస్తే కొత్తోళ్లు 30 అంగలు అనుకొని 30 గడులు నడుస్తరు. గడికి 5 అడుగుల కొలత, కాబట్టి “6 గడులు” అని రాయండి.

‘రెట్టింపు’ ఇంకా మోసం చేస్తది. గతుకుల నేల మీద అడుగుకు ఒక అడుగు అదనం, పాకుతూ పోతే ఇంకొకటి అదనం. రెండూ కలిస్తే ఒక అడుగుకు 3 అడుగుల ఖర్చు. రెండు చోట్ల ‘రెట్టింపు’ అని రాస్తే రెండు రెండ్లు నాలుగైతది. 30 అడుగుల వేగం ఉన్నోడు 2 గడులు పోవాల్సింది, 1 గడి కాడనే ఆగిపోతడు.

మిర్యాలగూడ:
‘దుంకు’కు గూడ ఒక ముక్క రాయాలె. పులిమేకల దుంకుడంటే మేక మీదికెళ్లి అవతలి ఖాళీ చోటుకు, దూరం లెక్కలేదు. ఇక్కడ దుంకిన దూరం నడకల నుంచే పోతది. 30 అడుగుల వేగం, బలం అంకె 15 ఉన్నోడు 10 అడుగులు ఉరికొచ్చి 15 అడుగులు దుంకితే 25 అయిపోయినయి, ఒక్క గడి మిగిలింది. ఉన్నకాడి నుంచే దుంకితే సగమే, 7 అడుగులు.

నల్లగొండ:
అందరికీ దండాలు. ఇట్ల మార్చిన, చూడండి: “మీరు మీ అంతట మీరు, శత్రువు ఆయుధం అందే గడులను విడిచి బయటికి పోబోతే, మీరు విడువక ముందే ఆ శత్రువు ఒక దెబ్బ కొట్టొచ్చు.”

పాలమూరు:
‘మీరు కండ్లకు కనవడితేనే’ అని గూడ చేర్చండి సార్. చూడలేనోనికి ఈ హక్కు లేదు. ‘శత్రువు అప్పటికి తన రియాక్షన్ (ఎదుటోడు ఏదన్న చేస్తే వెంటనే బదులుగ చేసే పని) వాడకుండ ఉంటే’ అన్నది గూడ ఉండాలె. తన వంతు మళ్ల వచ్చేదాక ఒక్కటే రియాక్షన్.